పక్కన ఒకరుండాలి

యాభై దగ్గర పడుతుంటే ఇదేం పిచ్చి అని మా ఆవిడ గొణిగింది. డాలస్ శివారులో మా పెరడు. కళ్ళకు గాగుల్స్ బిగించుకుని, రిమోట్ పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. డ్రోన్ అరచేతిలో ఇమిడిపోతుంది, బరువు ముప్పై గ్రాములు. దాని ముక్కున ఉన్న కెమెరా ఏది చూస్తే నాకూ అదే కనిపిస్తుంది. ఎఫ్‌పీవీ అంటే అదే.

మామూలు కెమెరా డ్రోన్ చెయ్యి తీసేస్తే గాల్లో బుద్ధిగా నిలబడుతుంది. ఇది నిలబడదు. ఆక్రో మోడ్‌లో ఎటు వంచితే అటే ఒరిగి ఉంటుంది, మళ్ళీ మనమే సరిచెయ్యాలి. చిన్నప్పుడు నాన్న సైకిల్ కడ్డీ కింద కాలు దూర్చి తొక్కిన రోజులు గుర్తొచ్చాయి. మోకాలి చిప్ప పగలడం ఒక్కటే తక్కువ.

ముందు సిమ్యులేటర్ మీద నేర్చుకోమని తెలిసినవాళ్ళంతా చెప్పారు. మూడు రోజులు ఆడి, వచ్చేసిందనుకున్నాను. అదీ కీబోర్డుతో! అసలు రిమోట్‌నే కంప్యూటర్‌కి తగిలించుకుని ఆడాలి, లేకపోతే వేళ్ళకు ఏమీ అబ్బదు. మొదటి రోజే ఓక్ చెట్టుకు కొట్టాను. ఆకులు, ఆకాశం, మళ్ళీ ఆకులు. కుర్చీలో నేనే పక్కకు ఒరిగిపోయాను. తర్వాత అంతా నిశ్శబ్దం. కళ్ళ ముందు తాటిమానులంత గడ్డిపరకలు రెండు, వాటి మధ్య నుంచి తాపీగా నడిచొస్తున్న చీమ. ఆ చీమను చూస్తూ చాలాసేపు గాగుల్స్ తియ్యలేదు. ఆ తర్వాత నెల రోజులు సిమ్యులేటరే.

ఇక్కడ సరదాకి ఎగరేసేవాళ్ళు ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష రాయాలి. డ్రోన్ 250 గ్రాముల లోపుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ గాగుల్స్ పెట్టుకుంటే మాత్రం, డ్రోన్‌ను మామూలు కళ్ళతో చూస్తూ ఉండే మనిషి ఒకరు పక్కన ఉండి తీరాలి. అలా మా ఆవిడకు ఉద్యోగం వచ్చింది. టీ కప్పు పట్టుకుని పక్కనే నిలబడి, "కుడికి... కుడికండీ... అయ్యో, మీ కుడికి!" అంటుంది. చట్టప్రకారం ఆవిడ మాట వినాల్సిన పరిస్థితి. ఈమధ్య బ్యాటరీ అయిపోతే తనే ఇంకోటి అందిస్తోంది. ఒక్కోటి మూడు నాలుగు నిమిషాలకు మించి రాదు.

వీడియో చూసి అమలాపురం దగ్గరి మా ఊళ్ళో నాన్న ముచ్చటపడ్డారు. "ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురారా, మన కొబ్బరితోట పైనుంచి చూద్దాం" అన్నారు. కానీ విదేశీ డ్రోన్ల దిగుమతిని భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. ముప్పై గ్రాములదే కదా అని సూట్‌కేసులో పడేసుకోకండి, కస్టమ్స్ దగ్గర తలనొప్పి.

సంక్రాంతికి వెళ్తున్నాం. బ్యాటరీలను 3.8 వోల్టుల దగ్గర ఆపి, డ్రోన్‌తో పాటు గరాజ్‌లో పెట్టేశాను.