స్టీలు ప్లేట్లు కడిగితే కొండ తిరిగొస్తుందా?

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి. చివర్లో మూడు పనులు రాశాం, వాటికి మీ పేర్లు కావాలి.

పోయిన నెల సమావేశంలో లెక్కలు చదువుతుంటే స్టీలు ప్లేట్ల పద్దు దగ్గర మన పెద్దాయన ఒకరు లేచారు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. "ప్లేట్లు కడుక్కోండి, మంచిదే. ప్లేట్లు కడిగితే కొండ తిరిగొస్తుందా అబ్బా?" అన్నారు. అందరం నవ్వాం. అంతలో ఉగ్గాణి, బజ్జీలు వచ్చాయి, మాట అక్కడే ఆగిపోయింది. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఆ తర్వాత వారం రోజులు మేము నలుగురం దాని గురించే మాట్లాడుకున్నాం. మాకు తోచిన జవాబు ఇక్కడ పెడుతున్నాం.

ముందు మనం ఎక్కడున్నామో చూసుకుందాం. తారానగర్ అంటే బయటివాళ్లు తోరణగల్లు అనుకుంటారు. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. మనది నారిహళ్ల ఊరు. సండూరు లోయ నీళ్లన్నీ పోగుచేసుకుని, కొండల్లో గండ్లు కోసుకుని, నారిహళ్ల మన వైపు వస్తుంది. ఇక్కడే దానికి డ్యాం కట్టారు. ఆ వాగు కింద దరోజి చెరువు, ఆ తర్వాత తుంగభద్ర. తుంగభద్ర మంత్రాలయం దాటి, కర్నూలు దాటి కృష్ణలో కలుస్తుంది. అంటే మన వాకిట్లోంచి పోయే నీళ్లు చివరికి మన చుట్టాల ఊళ్లకే చేరతాయి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే బళ్లారి జిల్లా రెండైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి. మనం ఇటు మైసూరులో కలిశాం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం అలవాటైపోయింది. మనుషుల మధ్య గీత పడింది గానీ వాగుకు ఆ గీత తెలియదు. అందుకే ఇక్కడి మట్టి సంగతి మన ఒక్క ఊరి సంగతి కాదు.

ఇక కొండ సంగతి. గాంధీగారు 1934లో సండూరు వచ్చారు. సెప్టెంబరులో ఈ లోయను చూడమని అన్నారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. వానలు పడ్డాక ఆ పచ్చదనం చూస్తే ఆ మాట ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. అదే కొండల్లో ఇనుము ఉంది, మాంగనీసు ఉంది. తవ్వకం కొత్తదేమీ కాదు. మన తాతల కాలం నుంచీ గనులున్నాయి, కూలీకి పోయినవాళ్లూ ఉన్నారు. 2000 తర్వాత చైనా కొనుగోళ్లతో ఖనిజం ధర పైకెక్కింది. అప్పుడు తవ్వకం తీరే మారిపోయింది. పట్టా పొలాలు కూడా తవ్వకానికి ఇచ్చారు. లారీల వరసకు మొదలూ చివరా కనిపించేది కాదు. పత్తి తీస్తే ఎర్రగా వచ్చేది. గడ్డి దులిపి వేస్తే తప్ప ఎద్దులు ముట్టేవి కావు. తెల్ల పంచె కట్టుకుని పెళ్లికి బయల్దేరితే పందిరి చేరేసరికి కావి పంచె అయ్యేది.

ధారవాడకు చెందిన సమాజ పరివర్తన సముదాయ 2009లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011 జూలై 27న లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే నివేదిక ఇచ్చారు. 2006 నుంచి 2010 వరకు అక్రమ తవ్వకాల వల్ల ఖజానాకు 16,085 కోట్ల రూపాయల నష్టమని అందులో లెక్క కట్టారు. రెండు రోజులకే, జూలై 29న, బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ ఏడాదిని మనలో ఎవరూ మరిచిపోలేదు. అప్పు మీద కొన్న లారీలు రోడ్డు పక్కన నిలబడిపోయాయి. టైర్లలో గాలి దిగిపోయింది. వాయిదాలు కట్టలేక ఇళ్లలో బంగారం తాకట్టుకు పోయింది. డ్రైవర్లు, క్లీనర్లు, హోటళ్లవాళ్లు, పంక్చరు షాపులవాళ్లు పనిలేక కూర్చున్నారు. అదే ఏడాది చింతచెట్టు ఆకు పచ్చగా కనిపించింది. ఆరేసిన బట్టలు తెల్లగానే ఇంట్లోకి వచ్చాయి. రాత్రిపూట పిల్లల దగ్గు తగ్గిందని ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఒకే ఇంట్లో నాన్న దిగులుగా, నాయనమ్మ సంతోషంగా ఉన్న రోజులవి. ఇద్దరి మాటలోనూ నిజముంది. పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఈ రెండింటినీ కలిపి చూడాలి.

2012 సెప్టెంబరు నుంచి, ఉల్లంఘనలు లేని లేదా తక్కువగా ఉన్న గనులకు విడతలవారీగా అనుమతి వచ్చింది. 2013 ఏప్రిల్ 18 తీర్పులో ఘోరంగా హద్దు మీరిన 'సి' కేటగిరీ గనుల లీజులు రద్దయ్యాయి. బళ్లారికి ఏడాదికి 2.5 కోట్ల టన్నుల పరిమితి పెట్టారు. అది 2017లో 2.8 కోట్లకు, 2022లో 3.5 కోట్లకు పెరిగింది. అంటే కొండ మీద పని ఆగలేదు, ఏటా ఇంతేనని కొలత పెట్టి సాగుతోంది. ఆ కొలత కూడా పెరుగుతూ వస్తోంది. ఈమధ్య దేవదారి కొండల గొడవ పేపర్లలో చదివే ఉంటారు. దాదాపు 400 హెక్టార్ల అడవి, 99 వేల పైచిలుకు చెట్లు. 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమి అప్పగించకుండా ఆపింది. ఆ వాదం ఊరికే పుట్టలేదు. ఇక్కడి జనం నోరు విప్పితేనే పుట్టింది.

కోర్టు ఇంకో పని కూడా చేసింది. గనులవాళ్ల అమ్మకం సొమ్ములోంచి వాటా తీసి, దెబ్బతిన్న ఊళ్లను బాగుచేయడానికి పక్కన పెట్టించింది. ఆ డబ్బు ఏళ్ల తరబడి పేరుకుపోయింది. దాదాపు 25 వేల కోట్ల రూపాయల ప్రణాళిక తయారైంది. దాని అమలును కనిపెట్టి చూడమని 2022లో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిగారికి అప్పగించింది. ఇది కాక, 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులవాళ్లు తాము కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని దీనికి ఇవ్వాలి. ఆ ఏటి మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికే ఖర్చు కావాలి. అంటే డబ్బు లేక కాదు. మన వీధికి ఏం కావాలో కాగితం మీద రాసి అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ప్లేట్ల దగ్గరికి వద్దాం. మన సంఘం చేసినవన్నీ చిన్న పనులే. పెళ్లికీ, పేరంటానికీ, దినాలకూ స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఇస్తున్నాం. అద్దె లేదు. డిపాజిట్టు మాత్రం తీసుకుంటాం, లెక్క తగ్గితే అందులోంచి కోస్తాం. ఈ పద్ధతి పెట్టాక గ్లాసులు మాయం కావడం ఆగింది. చవితికి చెరువు మట్టితోనే వినాయకుణ్ణి చేసుకుంటున్నాం. ప్లాస్టర్ బొమ్మలు వద్దని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా చెప్పింది. అయితే మనకు ఆ మాట కంటే డ్యాం నీళ్లు తాగే గొడ్లే గట్టి కారణం. బోరింగుల దగ్గర ఇంకుడు గుంతలు తవ్వాం. కొన్ని బాగున్నాయి, కొన్ని మొదటి వానకే ఎర్రమట్టి చేరి పూడిపోయాయి. నీళ్లు గుంతలోకి పోకముందే మట్టి ఆగేలా పైన చిన్న తొట్టి కట్టాలని అక్కడే నేర్చుకున్నాం.

పెద్దాయన ప్రశ్నకు మా జవాబు ఇది. ప్లేట్లు కడిగితే కొండ తిరిగిరాదు. తవ్విన కొండను ఎవరూ తిరిగి తేలేరు. కానీ ప్లేట్ల వల్ల మనకు రెండు అలవాట్లు వచ్చాయి. ఒకటి, లెక్క పెట్టడం. ఏ విందుకు ఎన్ని వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, పుస్తకంలో ఉంది. రెండు, కులం చూడకుండా, భాష చూడకుండా ఒకే తొట్టి దగ్గర కూర్చుని పని చేయడం. మన ప్లేట్లు లంబాడీ తాండాకూ వెళ్తాయి, కన్నడ ఇళ్లకూ వెళ్తాయి. ప్లేట్ల పుస్తకం రాసిన చేతులు లారీల పుస్తకం కూడా రాయగలవు. ఏ లారీ టార్పాలిన్ లేకుండా పోయింది, నీళ్ల ట్యాంకరు రోడ్డు తడపని రోజులు ఎన్ని, ఏ చెక్‌డ్యాం పూడిపోయింది, తేదీలతో రాసి పెడితే అది ఫిర్యాదు కాదు, ఆధారం.

దుమ్ముకు కూడా ఒక కొలత ఉంది. పీఎం10 అనే సన్నటి ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదని దేశమంతటికీ ప్రమాణం. మన వీధి గాలిని కొలిపించమని అడిగే హక్కు మనకుంది. గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలంటే 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో దొరకాలి. సభనంతా వీడియో తీయాలి. లిఖితపూర్వకంగా చెప్పిన మాట కూడా లెక్కలోకి వస్తుంది. ఆ రోజున టెంటు కింద కూర్చుని భోజనం చేసి రావడం కాదు, చేతిలో కాగితంతో వెళ్లాలి.

మన ఇళ్లలో గనుల జీతంతో పొయ్యి వెలిగేవి చాలా ఉన్నాయి. వాళ్లెవరూ దీనికి బెదరక్కర్లేదు. గని మూయమని మేము అనడం లేదు. మన తలుపు గడియలోనూ ఇనుమే ఉంది. కోర్టు గీసిన గీత లోపల తవ్వాలి, లారీ మీద పట్టా కప్పాలి, మన పేరు మీద వసూలైన డబ్బు మన ఊరి నీళ్లకూ ఊపిరికీ రావాలి. ఇంతవరకే అడుగుతున్నాం. లారీ నడిపేవాడి పిల్లలు పీల్చేదీ ఈ గాలే కదా.

ఇక మూడు పనులు.

ఒకటి: వానలు మొదలయ్యేలోపు నారిహళ్లలోకి దిగే చిన్న వంకల మీద ఉన్న చెక్‌డ్యాంలన్నీ నడిచి చూసి, ఫోటో తీసి, పూడిక ఎంతుందో రాయాలి. వంకకు ఇద్దరు చొప్పున కావాలి.

రెండు: రోడ్డు పుస్తకం. బడి గంటల్లో, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. రిటైరైన పెద్దలకు ఇది బాగా కుదురుతుంది. ప్రశ్న అడిగిన పెద్దాయనే మొదటి వారం కూర్చుంటానన్నారు. టార్పాలిన్ సరిగ్గా కట్టారో లేదో చూడటంలో ఆయన్ని మించినవాళ్లు ఎవరు?

మూడు: జిల్లా ఖనిజ నిధికి అర్జీ. కన్నడంలో చక్కగా రాయగల పిల్లలు ముందుకు రావాలి. మన వీధికి శుద్ధమైన తాగునీరు, బడికి గాలి కొలిచే యంత్రం, ఆరు నెలలకోసారి ఊపిరితిత్తుల పరీక్ష శిబిరం. మూడే కోరికలు, ఒకే పేజీ.

పేర్లు ఈ పోస్టు కిందే రాయండి. ఫోను లేని పెద్దలు మన కోశాధికారికి చెప్తే చాలు. ప్లేట్లు ఎప్పటిలాగే గోడౌన్లో ఉన్నాయి. కావలసినవాళ్లు రెండు రోజుల ముందు చెప్పండి, కడిగి తిరిగివ్వండి.