రైలు పోయిన దారిలో ట్రామ్

పట్టాలు పీకేసిన రైలు దారి మళ్ళీ బతకడం చాలా అరుదు. మన దగ్గరైతే లైన్ ఎత్తేసిన పదేళ్ళకల్లా దాని మీద టీ బంకులు, ఇళ్ళు, వీలైతే ఒక గుడి కూడా లేచిపోతాయి :). అలాంటిది 2004లో, ఒకే ఏడాదిలో, రెండు పాత దారులు మళ్ళీ లేచి కూర్చున్నాయి. ఒకటి ఐర్లాండ్‌లో డబ్లిన్ శివార్లలో. రెండోది మన కాకినాడ - కోటిపల్లి మధ్య. మొదటి దాంట్లో నేను రోజూ ఆఫీసుకెళ్తాను. రెండోది నా రూమ్మేట్ వాళ్ళ ఊరి మీదుగా పోతుంది. ఏది గొప్పదని మా ఇద్దరికీ వారానికోసారైనా వాదన తప్పదు. నాకు మాత్రం ఇందులో మూడో ఊరి బాధ ఉంది. అది మా మడకశిర.

ముందు డబ్లిన్ సంగతి. ఊరి మధ్యలో హార్కోర్ట్ స్ట్రీట్ నుంచి దక్షిణంగా బ్రే దాకా 1854 నుంచీ రైలు నడిచింది. నష్టాలొస్తున్నాయని 1958 డిసెంబర్ 31న మూసేశారు. కొన్నాళ్ళకే పట్టాలు పీకేశారు. డండ్రం దగ్గర రోడ్డుకి అడ్డంగా ఉందని వంతెన కూడా కూల్చేశారు. ఇక కథ అయిపోయిందనే అందరూ అనుకుని ఉంటారు. కానీ స్థానిక కౌన్సిల్ వాళ్ళు ఎప్పటికైనా పనికొస్తుందని ఆ దారిలో చాలా భాగం మీద ఇళ్ళు లేవకుండా తమ ప్లానుల్లో కాపాడుకుంటూ వచ్చారు. నలభై అయిదేళ్ళ తర్వాత, 2004 జూన్ 30న, అదే దారి మీద ట్రామ్ మొదలైంది. దాని పేరు లూయస్. ఐరిష్ భాషలో వేగం అని అర్థం. కూల్చేసిన వంతెన బదులు డండ్రంలో తీగలతో వేలాడే కొత్త వంతెన కట్టి, దానికి అక్కడ రైళ్ళు వేయించిన పాతకాలపు కాంట్రాక్టర్ విలియం డార్గన్ పేరు పెట్టారు. మిల్‌టౌన్‌లో తొమ్మిది కమానుల పాత రాతి వంతెన మాత్రం అలాగే ఉంది. దాని మీదుగానే ట్రామ్ పోతుంది.

పాత దారే గానీ, పాత రైలు కాదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వెనకటి రైలుకి ఈ శివార్లలో రానెలా, మిల్‌టౌన్, డండ్రం, స్టిల్లార్గన్.. ఇలా దూరం దూరంగా స్టేషన్లుండేవి. ట్రామ్ వాళ్ళు వాటి మధ్యలో బీచ్‌వుడ్, కౌపర్, విండీ ఆర్బర్, బలాలీ, కిల్మకుడ్ అని కొత్త స్టాపులు దూర్చారు. స్టాపంటే పెద్ద భవనమేమీ కాదు. జానెడెత్తు ప్లాట్‌ఫారం, చిన్న పైకప్పు, ఒక టికెట్ మిషను, అంతే. పిల్లల బండి తోసుకుంటూ వచ్చినావిడ ఎవరి సాయమూ అడక్కుండా లోపలికి ఎక్కేస్తుంది. 2010లో లైన్ పొడిగించినప్పుడైతే ఇంకో మంచి పని చేశారు. శాండీఫర్డ్ దాటాక ట్రామ్ పాత దారిని వదిలేసి కొత్తగా జనం చేరిన వైపుకి వంగుతుంది. కారిక్‌మైన్స్ దగ్గర మళ్ళీ పాత దారి అందుకుంటుంది. దారి ఉంది కదా అని గుడ్డిగా దాన్నే పట్టుకు వేలాడలేదన్నమాట.

ఇప్పుడు మన కోటిపల్లి. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి ఒడ్డున కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్లు. 1928లో వేసిన ఈ లైన్‌ని 1940లో, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని పీకేశారు. ఎక్కడో జరిగే యుద్ధానికి మన పల్లెటూళ్ళ పట్టాలు! అరవై నాలుగేళ్ళ తర్వాత, 2004లో మళ్ళీ వేశారు. దీనికోసం గట్టిగా పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. బండి నడవడం ఆయన చూడనే లేదు. ఈ లైన్ మీద రైల్ బస్ తిప్పారు. పేరుకి తగ్గట్టే పట్టాల మీద నడిచే ఒంటి పెట్టె బస్సు. గేటు వస్తే బండి ఆపి, అందులో సిబ్బందే దిగి గేటు వేసి, బండి దాటాక మళ్ళీ తీసి ఎక్కేవాళ్ళు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ రోజుకి ఒకటి రెండు ట్రిప్పులకి మించి తిరగలేదు. పక్కనే రోడ్డు మీద బస్సులు, ఆటోలు పోతుంటే దీనికోసం ఎవరు కాచుకుంటారు? 2020లో కోవిడ్‌తో అదీ ఆగిపోయింది.

"మీ ట్రామ్‌కి డబ్బులున్నాయిరా, మా బస్సుకి లేవు. అంతే తేడా" అంటాడు మావాడు. అది సగమే నిజమని నా వాదన. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది బ్యాండ్‌విడ్త్ సమస్య కాదు, లేటెన్సీ సమస్య. రద్దీ వేళల్లో ట్రామ్ నాలుగైదు నిమిషాలకొకటి వస్తుంది. ఒకటి తప్పిపోతే ఇంకోటి. జనం టైం టేబులే చూడరు. రోజుకొక్కసారి వచ్చే బండి తప్పిపోతే మళ్ళీ రేపే. అలాంటి బండిని నమ్ముకుని ఎవరూ ఉద్యోగంలో చేరరు, పిల్లల్ని కాలేజీలో చేర్చరు. జనం ఎక్కరు కాబట్టి నష్టం, నష్టం కాబట్టి బండ్లు పెంచరు, బండ్లు పెంచరు కాబట్టి జనం ఎక్కరు. ఈ లూప్‌కి ఎగ్జిట్ కండిషన్ లేదు.

ఇక మా ఊరు. మడకశిర ఒకప్పటి అనంతపురం జిల్లాలో, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. మాట సగం తెలుగు, సగం కన్నడం. వాన సంగతి అడక్కండి. నా చదువు అయ్యేదాకా మాకు రైలంటే హిందూపురమే, అక్కడిదాకా బస్సు. 2007-08లో రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం, పావగడ, మడకశిర మీదుగా తుమకూరుకి సుమారు 207 కిలోమీటర్ల కొత్త లైన్ మంజూరైంది. అప్పటికి నేను బడి పిల్లాణ్ణి. "నువ్వు కాలేజీకి రైల్లోనే పోతావులే" అనేవాడు మా తాత. కాలేజీ అయిపోయింది, ఉద్యోగమూ వచ్చింది, తాతా పోయాడు. నేను రైలెక్కింది మాత్రం హిందూపురంలోనే.

ఇది నవ్వులాట కాదు. నాతో పదో తరగతి చదివిన ఇద్దరమ్మాయిలు ఇంటర్‌తో ఆపేశారు. ఇద్దరూ నాకంటే బాగా చదివేవాళ్ళు. హాస్టల్‌కి డబ్బులు లేవు. పొద్దున పోయి చీకటి పడకముందే ఇల్లు చేరే నమ్మకమైన బండి లేదని ఇంట్లోవాళ్ళు పంపలేదు. ఆ ఇళ్ళల్లో చదువు గురించి గొడవ జరగలేదు. సాయంత్రం బస్సు గురించి జరిగింది. మా నాన్న ఇప్పటికీ బెంగళూరు ఆసుపత్రికి పోవాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి.

అందుకే రైలు వస్తుందా అని ఎవరైనా అడిగితే నేను వేరే ప్రశ్నలు వేస్తాను. రోజుకి ఎన్నిసార్లు ఆగుతుంది? కాలేజీ వేళకి అందుతుందా? బస్టాండ్ నుంచి స్టేషన్‌కి ఆటో ఖర్చు టికెట్ కంటే ఎక్కువవుతుందా? డబ్లిన్ లాగా అయిదు నిమిషాలకొకటి మాకెవరూ వెయ్యరు, వెయ్యనక్కర్లేదు కూడా. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు.. చెప్పిన వేళకి తప్పకుండా వచ్చే చిన్న బండ్లు చాలు. రైల్ బస్ లాంటివైనా సరే.

రిబ్బన్ కత్తిరించిన రోజు ఫోటోలు అన్ని ఊళ్ళలోనూ ఒకేలా ఉంటాయి. 2004లో డబ్లిన్‌లోనూ పండగే, కాకినాడలోనూ పండగే. తేడా తెలిసేది ఆ తర్వాత, మామూలు మంగళవారం సాయంత్రం ఆరింటికి. ఆ వేళకి కాలేజీ నుంచి ఒక అమ్మాయి మా ఊరి ప్లాట్‌ఫారం మీద దిగి నడుచుకుంటూ ఇంటికి పోగలిగితే, మా ఊరికి రైలు వచ్చినట్టు. లేదంటే వచ్చింది వట్టి స్టేషనే.