నాయన జీపు

మా ఇంటి ముందరి వేపచెట్టు కింద 1999 నుంచి ఒక జీపు నిలబడి ఉన్నది. మహీంద్రా వారి ఎంఎం 540. దాని పుట్టుక 1987లో. శ్రీశైలం ప్రాజెక్టు పనులలో పన్నెండేళ్ళు తిరిగి, ఒంటినిండా సొట్టలతో వేలానికి వచ్చిన రోజున మా నాయన దానిని పాడుకున్నాడు. ఉద్యోగరీత్యా ఆయన ఎక్కువ కాలం సున్నిపెంట కాలనీలోనే గడిపాడు. పదవీ విరమణ చేసి ఆత్మకూరుకు వచ్చేస్తూ, తనతో పాటు సాటి ఉద్యోగిని ఒకరిని వెంటబెట్టుకొని వచ్చినట్టుగా ఆ జీపును తెచ్చుకున్నాడు.

మాకున్నది నాలుగెకరాల నల్లరేగడి. వానపడిన మర్నాడు ఎద్దులబండి కూడా ఇరుసుదాకా దిగిపోయే నేల అది. అందులోకి నాయన జీపు మెల్లగా, ఏదో ఆలోచించుకుంటున్నట్టుగా వెళ్ళి వచ్చేది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందడమంటే ఏమిటో నేను మొదట తెలుసుకున్నది అక్కడే. నాయన ఆదివారం పూట గ్రీజు గన్ను పట్టుకొని బండి కిందికి దూరేవాడు. కమాను కట్టల షాకిల్స్, ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులు, స్టీరింగు రాడ్లు, ఒక్కొక్క నిపుల్ దగ్గరా పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, వెనుక కొత్తది కనిపించేదాకా కొట్టేవాడు. నేను గుడ్డపీలిక పట్టుకొని పక్కన కూర్చునేవాడిని. ఆయన ఆ బండికి కొత్తగా ఏదీ తగిలించలేదు. అరిగినదాని స్థానంలో అలాంటిదే మరొకటి వేయడం తప్ప వేరే ఆలోచన ఆయనకు వచ్చినట్టు లేదు. అది పిసినారితనమని నేను అనుకునేవాడిని.

2011లో నాయన పోయాడు. బండి నా పాలికి వచ్చింది.

వృత్తిరీత్యా నేను లెక్కల మాస్టారిని. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుముందు మీకే తెలుస్తుంది. వేసవి సెలవులలో కంప్యూటరు ముందు కూర్చుని కేరళ కొండలలో, కొడగు కాఫీతోటలలో బురద చిమ్ముకుంటూ రాళ్ళెక్కే జీపుల వీడియోలు చూడటం నాకు వ్యసనమయింది. ఎత్తైన ఒళ్ళు, వెడల్పాటి టైర్లు, ముందర ఇనుప బంపరు, దానికి చుట్టిన ఉక్కుతాడు! వాటిని చూసి వచ్చి వేపచెట్టు కింద చూస్తే మా బండి పంచె కట్టుకున్న పల్లెటూరి పెద్దమనిషిలాగా అనిపించేది. దానికి పంచె విప్పించి ప్యాంటు తొడగాలని నిశ్చయించుకున్నాను.

రెండు వేసవులు పట్టింది. పని చాలావరకు ఇంటి దగ్గర, నా చేతులతోనే చేశాను. జాకీ ఎత్తి, కింద దుంగలు పేర్చి, తుప్పుపట్టిన యు బోల్టుల మీద రాత్రంతా డీజిలు పోసి, ఉదయం పానాకు పైపు తొడిగి విప్పేవాడిని. కమాను కట్టలకు పొడవాటి షాకిల్స్ చేయించి తగిలించాను. అదనంగా ఒక్కొక్క పట్టీ వేయించాను. బండి మూడంగుళాల దాకా లేచింది. కంపెనీ ఇచ్చిన సన్నటి 6.00-16 టైర్లు తీసేసి 31 అంగుళాల మట్టి టైర్లు ఎక్కించాను. ముందర మోయలేనంత బంపరు పెట్టించాను. ముందు చక్రాలకు చేతితో తిప్పే ఫ్రీవీలింగ్ హబ్బులు వేశాను. వాటిని వదిలేస్తే చక్రాలు ముందు ఇరుసుతో సంబంధం లేకుండా తిరుగుతాయి, బిగిస్తే ఇరుసుతో కలిసి తిరుగుతాయి. మార్పులన్నీ పూర్తయ్యాక ఊరి పిల్లలు చుట్టూ మూగారు. ఆ సాయంత్రం నాకు నిజంగా గర్వంగానే ఉండింది. అబద్ధం చెప్పడమెందుకు.

నడపడంలో కొన్ని తేడాలు కనిపించకపోలేదు. మలుపు తిరిగాక స్టీరింగు తనంత తానుగా వెనక్కి రావడం మానేసింది. మూడో గేరులో ఎక్కే దిబ్బకు రెండో గేరు వేయవలసి వచ్చింది. స్పీడోమీటరు యాభై అంటుంటే బండి అంతకంటే వేగంగా పోతున్నది. ఇవన్నీ నాకు తెలుసు. పెద్ద బండికి ఇలాంటివి సహజమేనని సమాధానం చెప్పుకున్నాను.

2016 డిసెంబరులో అమ్మ ఇష్టకామేశ్వరి అమ్మవారిని చూడాలన్నది. శ్రీశైలానికి ఇరవై కిలోమీటర్ల దూరాన, నల్లమల నడుమ ఉంటుంది ఆ గుడి. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి నుదురు తాకినట్టే మెత్తగా తగులుతుందని భక్తుల నమ్మకం. ఆ దారిలో నా బండి సత్తా చూపించాలని నేను ఉవ్విళ్ళూరాను గానీ, అది పులుల అభయారణ్యం. సొంత వాహనాలను పోనివ్వరు. అటవీశాఖ అనుమతి ఉన్న జీపులలోనే వెళ్ళాలి. నా బండిని శ్రీశైలంలో నిలిపి, అమ్మ, నా భార్య, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, నేను ఒక పాత జీపు ఎక్కాము.

ఆ జీపును నేను లోలోపల తక్కువగా చూశాను. సన్నటి టైర్లు, మామూలు ఎత్తు, తాడుతో కట్టిన తలుపు. కానీ ఆ దారి! దారి అనడం కూడా మర్యాద కోసమే. మంచమంత బండరాళ్ళు మెట్లు మెట్లుగా పరుచుకొని ఉన్నాయి. డ్రైవరు లో గేరు వేసి, రెండు కాళ్ళూ పెడళ్ళ మీదినుంచి తీసేశాడు. బండి తనంత తానే ఒక చక్రం పైకి, ఒక చక్రం కిందికి పెట్టుకుంటూ, గర్భిణి మెట్లు దిగినట్టుగా దిగింది. ఒక్కచోట కూడా ఆయన బ్రేకు వేయగా నేను చూడలేదు. చూశాను గానీ పట్టించుకోలేదు అనడం సరి. ఆ సమయంలో నా మనసంతా, "ఇక్కడ నా బండి అయితే ఇంకెంత సులువుగా దిగేదో" అన్న ఊహలోనే ఉన్నది.

తిరిగి శ్రీశైలం చేరి భోజనాలు చేసి బయలుదేరేసరికి నాలుగు దాటింది. అమ్మ మధ్యలో శిఖరేశ్వరం దగ్గర ఆపమన్నది. అక్కడ మరికొంత ఆలస్యమయింది. రాత్రి తొమ్మిదింటికి దోర్నాల దగ్గర గేటు మూస్తారు, మళ్ళీ తీసేది ఉదయం ఆరింటికే. సమయం చాలానే ఉన్నా, చీకటిపడక ముందే ఘాటు దిగిపోవాలని నేను తొందరపడ్డాను. మూడో గేరులో దిగుతూ, మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతూ, మలుపు దాటగానే వదులుతూ వచ్చాను. ఎన్ని మలుపులు తిరిగామో లెక్కపెట్టలేదు. వెనుక బల్లమీద అమ్మాయి అమ్మ ఒడిలో తలపెట్టుకొని నిద్రపోతున్నది.

మొదట వాసన వచ్చింది. కాలిన గుడ్డవాసన. ఏ లారీదో అనుకున్నాను.

తరువాతి మలుపులో పెడల్ తొక్కితే కాలు నేల దాకా పోయింది. అడ్డు తగలలేదు. నీళ్ళలో కాలు పెట్టినట్టుగా ఉన్నది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తొక్కాను. మూడోసారికి ఏదో కాస్త పట్టింది గానీ బండి ఆగలేదు. ఎడమపక్క లోయ, కుడిపక్క కొండ. మూడు నుంచి రెండుకు గేరు మార్చబోతే పళ్ళు కొరికినట్టు అరిచి, ఎట్లాగో పడింది. హ్యాండ్ బ్రేకు లాగాను. ఈ బండికి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేరుపెట్టె వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. అది కీచుమంటూ పట్టింది. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం వల్ల మాత్రమే నేను కుడివైపుకు కోసి, కొండవార మట్టిదిబ్బకు బంపరు ఆనించి ఆపగలిగాను. మోయలేనంత ఆ బంపరు మట్టిలో జానెడు లోతు దిగింది. అమ్మాయి లేచి, "ఊరొచ్చిందా నాన్నా?" అన్నది. నా భార్య ఏమీ మాట్లాడలేదు. ఆమె నన్ను చూసిన చూపును ఇక్కడ వర్ణించను.

దిగి చూస్తే డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కాసేపటికి దోర్నాలకు దిగుతున్న ప్రయాణికుల జీపు ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, నా టైర్లవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. "యాడ చేపిచ్చినావు సార్ ఇది?" అన్నాడు. నేనే చేశానన్నాను. ఆయన నవ్వలేదు. అది నాకు మరీ కష్టంగా తోచింది.

"బ్రేకు ఆయిలు ఉడికింది. గంటసేపు కూచోండి, చల్లారితే మళ్ళా పెడల్ వస్తాది. వచ్చినా దాన్ని నమ్మొద్దు. ముందర హబ్బులు వదిలేసి లో వేసుకో. రెండో గేరు. కాలు తీసెయ్. అదే దిగుతాది." ఇంతే ఆయన చెప్పింది. అమ్మకు నీళ్ళసీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ సలహాలోని సొగసు కొంచెం వివరించాలి. ఈ తరహా జీపులో లో గేరు వేయాలంటే ముందు ఇరుసును కూడా కలపక తప్పదు. కానీ ముందు ఇరుసూ వెనుక ఇరుసూ కలిసి ఒకే వేగంతో తిరిగితే తారురోడ్డు మలుపులలో బండి బిగుసుకుపోతుంది. మలుపులో ముందు చక్రాలు నడిచే దూరం వేరు, వెనుక చక్రాలు నడిచే దూరం వేరు. మట్టిలో అయితే టైర్లు కాస్త జారి సర్దుకుంటాయి, తారుమీద జారలేవు. హబ్బులు వదిలేస్తే ముందు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, లో గేరు మాత్రం వెనుక చక్రాలకు దక్కుతుంది. నేను చేసిన మార్పులన్నిటిలోకీ ఆ రోజు పనికివచ్చినది ఆ హబ్బులొక్కటే. అదీ ఎందుకు పనికివస్తుందో తెలియకుండా పెట్టినది.

గంట తరువాత నిజంగానే పెడల్ వచ్చింది. చీకట్లో, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో, ఇంజను ఏకధాటిగా మూలుగుతుండగా దిగాము. అడవి నుంచి ఏవో కళ్ళు మెరిసి మాయమయ్యాయి. అమ్మ శివనామం చదువుతూనే ఉన్నది. గేటు చేరేసరికి ఎనిమిదీ నలభై. ఆ రాత్రి దోర్నాలలోనే ఉండిపోయాము.

తరువాత నేను చేయవలసిన లెక్క కాగితం మీద చేశాను. ఏడో తరగతి పిల్లలకు ఇవ్వదగిన లెక్క. పాత టైరు అడ్డుకొలత సుమారు 28.7 అంగుళాలు, కొత్తది 31. ఎనిమిది శాతం పెరిగింది. బ్రేకు షూ డ్రమ్మును అదే బలంతో పట్టినా, నేలమీద ఆపే బలం దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. దిగేటప్పుడు ఇంజను వెనక్కి పట్టే పట్టు కూడా అంతే తగ్గుతుంది. చక్రం బరువెక్కింది, బంపరు బరువెక్కింది, బండి ఎత్తెక్కింది. ఆపవలసిన డ్రమ్ములు మాత్రం 1987 నాటివే. ఇక లో గేరు పళ్ళ నిష్పత్తి 2.46. అంటే ఆ డ్రైవరు ఒక్క మాటతో ఇంజను పట్టును దాదాపు రెండున్నర రెట్లు చేసి వెళ్ళాడన్నమాట. వీటిలో ఏ ఒక్కటీ నాకు తెలియని గణితం కాదు.

బ్రేకు ఆయిలు సంగతి మరీ సిగ్గుచేటు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరినకొద్దీ తక్కువ వేడికే ఉడుకుతుంది. ఉడికితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఆ బుడగలను నొక్కుతుందే తప్ప షూలను తొయ్యదు. రెండేళ్ళకొకసారి మార్చాలి. నాయన పోయాక నేను మార్చనే లేదు. తీసి సీసాలో పోస్తే కాఫీ డికాక్షన్ లాగా ఉన్నది.

కర్నూలు నుంచి వచ్చిన మేస్త్రీ బండిని జాకీ మీద ఎత్తి, ముందు చక్రాన్ని వేలాడదీసి, బ్రేకు గొట్టాన్ని వేలితో చూపించాడు. నేను బండి ఎత్తు పెంచాను గానీ ఆ రబ్బరు గొట్టం పొడవు పెంచలేదు. చక్రం వేలాడినప్పుడల్లా అది తీగలాగా బిగిసి, మెడదగ్గర నెర్రెలిచ్చింది. "పొయ్యేదానికి అన్నీ చేసినావు సార్," అన్నాడు, "నిలబడేదానికి ఒక్కటన్నా చెయ్యాలని తోచలేదా?"

పాత టైర్ల కొలతకు తిరిగి వచ్చాను. షాకిల్స్ పాతవే బిగించాను. స్టీరింగు మళ్ళీ తనంత తానుగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. పొడవాటి షాకిల్స్ ఇరుసు వాలును మార్చడం వల్లనే అది పాడయిందట. బంపరును పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చాను. కొత్తగా చేయించినది ఒకటే: తరువాతి నమూనాల పెద్ద డ్రమ్ములు, వాటికి వ్యాక్యూమ్ బూస్టరు. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనులాగా శూన్యాన్ని తనంత తాను పుట్టించదు కాబట్టి, ఆల్టర్నేటరు వెనుక చిన్న పంపు ఉన్నది కూడా వేయించాము. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, తయారీదారు ఇచ్చిన నిర్దిష్టాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని తీర్పు ఇచ్చినప్పుడు, మిత్రుడొకడు ఫోను చేసి పరామర్శించాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఆ సంగతి ముందునుంచే ఉన్నదని అప్పుడు చదివాను. బ్రేకుల మార్పును కూడా కాగితాల మీదికి ఎక్కించుకోవడానికి రవాణా కార్యాలయం చుట్టూ తిరిగిన కథ వేరే ఉన్నది. అది ఇప్పుడు వద్దు.

వేపచెట్టు కింద పని మాత్రం ఆగలేదు. ఉగాదికి ఇంజను ఆయిలు, ఏడాది విడిచి ఏడాది బ్రేకు ఆయిలు. డ్రమ్ము వెనుక బోల్టును తిప్పుతూ, షూ రాసుకొనేదాకా బిగించి, చక్రం తేలికగా తిరిగేదాకా కొద్దిగా వదులు చేయడం నాలుగు చక్రాలకూ చేస్తాను. ఆ రాపిడి శబ్దం వినడానికి చెవి దగ్గర పెట్టాలి. మా అమ్మాయికి ఇప్పుడు ఆ చెవి నాకంటే బాగా పనిచేస్తున్నది. పోయిన వేసవిలో వచ్చినప్పుడు వెనుక కుడిచక్రం దగ్గర కూర్చుని, "ఇంకొంచెం వదులు చెయ్యి నాన్నా" అన్నది. నాకేమీ వినిపించలేదు. అయినా వదులు చేశాను.