డస్టు టీ పక్షాన

బరువు తగ్గమని డాక్టరు చెప్పిన మర్నాడే ఇంట్లోకి గ్రీన్ టీ పొట్లం దిగుతుంది. చెయ్యి అలవాటు ఎక్కడికి పోతుంది, చెంచాడు ఆకు గిన్నెలో వేసి పావుగంట కుతకుతా మరిగిస్తాం. ఒక్క గుటకకే మొహం చిట్లుతుంది: “ఇదేం టీ, ఒకటే చేదు!” తప్పు ఆకుది కాదు, మంటది. గ్రీన్ టీకి 70, 80 డిగ్రీల వేడి నీళ్లలో రెండు నిమిషాలు నానితే చాలు.

గ్రీన్ టీ మొక్కే వేరనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను ఏమనగలం? మొక్కలకు పేర్లు పెట్టడంలో దిట్ట, లినేయస్ అంతటివాడే 1762లో గ్రీన్ టీని, నల్ల టీని రెండు జాతులుగా రాసి పెట్టాడు. 1840ల్లో చైనా తోటల్లో తిరిగొచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్, రెండూ ఒకే మొక్కవని కళ్లారా చూసి చెప్పాడు. పనిలో పనిగా ఇంకో గుట్టూ విప్పాడు. ఎగుమతి చేసే గ్రీన్ టీ కంటికి ఇంపుగా ఉండాలని అందులో ప్రష్యన్ నీలం, జిప్సం కలుపుతున్నారట! కల్తీ మన సొంత విద్యేమీ కాదన్నమాట.

మరి తేడా ఎక్కడుంది? వంకాయలు తరిగి నీళ్లలో వేయడం మరిస్తే ముక్కలు నల్లబడతాయి కదా, టీ ఆకుకీ అంతే. నలిగిన ఆకులోని ఎంజైములకు గాలి తగిలితే రంగూ రుచీ మారిపోతాయి. ఆ మార్పును ఎక్కడ ఆపారన్నదే అసలు కథ. మొదట్లోనే ఆపితే గ్రీన్ టీ. చైనాలో ఎక్కువగా బాణలిలో వేయించి ఆపుతారు, జపాన్‌లో ఆవిరి పట్టి ఆపుతారు. నడిమధ్య ఆపితే ఊలాంగ్, సాంతం సాగనిస్తే నల్ల టీ. మొగ్గల్ని నలపకుండా ఆరబెట్టేది వైట్ టీ. చైనాలోని యునాన్‌లో ప్యూయెర్‌ అని ఒకటుంది, దాన్ని బిళ్లలుగా అదిమి ఏళ్లకేళ్లు దాచుకుంటారు.

డార్జిలింగ్‌ది మళ్లీ వేరే దారి. మార్చిలో వచ్చే ఫస్ట్ ఫ్లష్ చిగురును బాగా వాడబెడతారు, దాంతో ఆ మార్పు సాంతం సాగదు. అందుకే పేరుకు నల్ల టీ అయినా కప్పులో లేత బంగారు రంగే. మే, జూన్‌ నెలల సెకండ్ ఫ్లష్‌లో ద్రాక్షపండు వాసన తగులుతుంది. దాని వెనుక పచ్చదోమ హస్తం కూడా ఉంది. అది రసం పీల్చిన ఆకు తన రక్షణకు తయారుచేసుకునే పదార్థాలే ఆ పరిమళంలో కొంత. పచ్చదోమతో వేగే మన పత్తి రైతుకు ఈ మాట చెబితే నవ్విపోతాడు.

ఇంత నాజూకుతనం పాలకు ఆగదు. మన టీ పాలలో మరగాలి, చక్కెర మోయాలి, అల్లం ఘాటుకు తట్టుకోవాలి. ఆ బరువు మోసేది సీటీసీ, అంటే క్రష్, టేర్, కర్ల్ పద్ధతి టీ. 1930లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెకెర్చర్ తెచ్చిన యంత్రం పుణ్యం అది. పళ్లున్న రోలర్లు రెండు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే, మధ్యలో పడిన ఆకు చితికి, చిరిగి, చిన్న చిన్న పలుకులుగా ఉండ కడుతుంది. ఆకంతా చితికింది కాబట్టి మార్పూ తొందరగా అవుతుంది, డికాషనూ గబగబా దిగుతుంది. జల్లెడలు పట్టాక అన్నిటికన్నా సన్నగా మిగిలేదే డస్టు. ఊడ్చి పోసిన చెత్త కాదు, పలుకు సైజును బట్టి పెట్టిన పేరు. టీ కొట్టతను పొడి కొనేది వాసన చూసి కాదు, కిలోకి ఎన్ని గ్లాసులు దిగుతాయో లెక్క చూసుకుని. ఆ లెక్కలో పొడవాకు టీ నిలబడదు.

హైదరాబాద్ ఇరానీ హోటల్లో టీ పొడికి ఇంకా పెద్ద పరీక్ష. మూత బిగించిన గిన్నెలో డికాషన్ సన్నసెగ మీద మగ్గుతూనే ఉంటుంది, పాలు విడిగా కాగి చిక్కబడతాయి, రెండూ కలిసేది కప్పులోనే. అంతసేపు మగ్గిన డికాషన్ వగరును పట్టి ఉంచేది పాలలోని ప్రోటీన్లే. అదే సెగకు డార్జిలింగ్ ఆకును అప్పగిస్తే దాని పరిమళమంతా ఆవిరిలో పోయి చేదు మిగులుతుంది.

కాబట్టి ఎవరైనా డార్జిలింగ్ పొట్లం బహుమతిగా ఇస్తే దయచేసి పాలు పొయ్యకండి. పాలు లేందే గొంతు దిగదంటారా, పొట్లం నాకిచ్చేయండి. దాని ఖరీదుకి మీ ఇంటికి నెల సరిపడా అస్సాం డస్టు కొనిస్తాను.