ఒక అక్షరం కోసం

అచ్చుదిద్దే పనిలో ఏళ్ళు గడిపినవాణ్ణి. ఒక మాటకు ఒకే రూపం ఉండాలని పట్టుబట్టి, ఎందరి చేతనో తిట్లు తిన్నాను. జర్మనీ నుండి వచ్చిన మిత్రుడు అయిదు యూరోల నోటు చేతిలో పెట్టి, "అక్కడ దీన్ని ఒయ్‌రో అంటారండీ" అన్నప్పుడు కూడా నా బుద్ధి దిద్దడానికే సిద్ధమయింది.

నిజానికి ఈ నాణేనికి తొలుత అనుకున్న పేరు వేరు. 1979 నుండి లెక్కలలో మాత్రమే చెలామణీ అయిన ఉమ్మడి ప్రమాణాన్ని 'ఎక్యూ' అనేవారు. ఫ్రెంచివారికి అది తమ పాత నాణెం పేరు కూడా. జర్మను చెవికి మాత్రం 'ఒక ఎక్యూ' అంటే 'ఒక ఆవు' అన్నట్టుండేది! చివరకు 1995 డిసెంబరులో మాడ్రిడ్‌లో కూడిన దేశాధినేతలు, ప్రత్యేకించి ఎవరిదీ కాని పేరుగా, ఖండం పేరులోని మొదటి ముక్కను స్థిరపరిచారు. ఆవు తప్పింది గాని ఎద్దు తప్పలేదు. గ్రీకు పురాణంలో ఎద్దు రూపాన వచ్చిన జ్యూస్ ఎత్తుకుపోయిన రాకుమారి పేరు యూరోపా. గ్రీసు వారి రెండు యూరోల నాణెం మీద ఇద్దరూ ఉన్నారు.

ఎవరిదీ కాని ఆ పేరును జనం ఊరుకోనిచ్చారా? లాత్వియావారు 'ఎయిరో' అన్నారు, స్లొవేనియావారు 'ఎవ్రో' అన్నారు. నోట్లు చేతికొచ్చిన 2002లోనే జర్మనులు, ప్రియం అనే అర్థమున్న తమ 'తొయర్' అనే మాటను దానికి అతికించి 'తొయ్‌రో' అని ఎగతాళి చేశారు. అదే వారికి ఆ ఏటి మాటగా ఎంపికయింది.

నన్ను కదిలించింది బల్గేరియా కథ. 2007లో సమాఖ్యలో చేరగానే, తమ లిపిలో 'ఎవ్రో' అనే రాస్తామని వారు భీష్మించారు. చట్టానికి ఒకే రూపం కావాలన్నారు అధికారులు, అచ్చం నాలాగే. ఆ అక్టోబరులో లిస్బన్‌లో బల్గేరియా మాటే నెగ్గింది. 2013 నాటి కొత్త అయిదు యూరోల నోటు మీద రోమన్, గ్రీకు లిపుల కింద మూడవ వరుసగా వారి అక్షరాలు చేరాయి. ఆ డబ్బు వారి సొంతమయింది మాత్రం 2026 జనవరి 1న. సొమ్ము కంటే పదమూడేళ్ళు ముందే అక్షరం!

మనకీ బాధ లేదు. ఆంగ్లం వెంట వచ్చిన 'యూరో'కు 'లు' తగిలించి, ఎవరినీ అడగకుండానే బహువచనం చేసుకున్నాం.

ఆ రాత్రి పది రూపాయల నోటును దాని పక్కన పెట్టి, భూతద్దంతో మన వరుసను వెతుక్కున్నాను. ఎంత చిన్న అక్షరాలో! 'పది రూపాయలు' అని ఉంది.