ఆన్‌లోనే ఉంది తాతా

టెన్త్ తర్వాత తెలుగులో రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన యాసంగిలో మా తాత బోరు మోటారుకి ఒక డబ్బా చేసిచ్చాను. సెకండియర్ మినీ ప్రాజెక్టు అది. ఈఎస్‌పీ32 బోర్డు, ఒక రిలే, ఒక సిమ్ మాడ్యూల్. నేను హాస్టల్లో ఫోన్ నొక్కితే సిద్దిపేట దగ్గర మా పొలంలో మోటారు నడవాలి. తాతకి మోకాళ్ల నొప్పులు, రోజూ అంత దూరం నడవలేడు.

పొలంలో సిగ్నల్ వచ్చి పోతుంటుంది. అందుకే ఏడబ్ల్యూఎస్‌లో ఉండే డివైస్ షాడో వాడాను. షాడో అంటే నీడ. మోటారు నీడ క్లౌడ్‌లో చిన్న జేసన్ కాగితంలా ఉంటుంది. అందులో రెండు గడులు. డిజైర్డ్ అంటే మనకు కావాల్సింది. రిపోర్టెడ్ అంటే అక్కడ ఏముందో పరికరం చెప్పేది. రెండూ కలవకపోతే ఆ తేడా డెల్టా. సిగ్నల్ లేనప్పుడు ఆన్ నొక్కినా పర్లేదు, బోర్డు మళ్లీ కనెక్ట్ అయ్యాక షాడోని అడిగి తెలుసుకుంటుంది.

నా తప్పు ఒక్క లైన్లో ఉంది. ఆన్ అని రాగానే రిలే కొట్టి, వెంటనే రిపోర్టెడ్‌లో కూడా ఆన్ అని రాసేశాను. మోటారు తిరిగిందో లేదో చూడలేదు. ఒకరోజు ఫ్యూజు పోయి ఒక ఫేజ్ రాలేదు. రిలే టక్కుమంది, మోటారు కదల్లేదు. నా ఫోన్లో మాత్రం మూడు రోజులు గ్రీనే.

నాలుగో రోజు తాత ఫోన్ చేశాడు. "మడి నెర్రెలు వారింది బిడ్డా."

"ఆన్‌లోనే ఉంది తాతా."

"నువ్వు నడుస్తుందంటివి గదా, అందుకే నేను పోలే."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ శనివారం వెళ్లి ఫ్యూజు వేయించి, మోటారు వైరుకి కరెంటు సెన్సర్ తగిలించాను. ఇప్పుడు వైర్లో కరెంటు పారితేనే రిపోర్టెడ్ మారుతుంది. లేకపోతే డెల్టా అలాగే ఉండి ఫోన్లో రెడ్ చూపిస్తుంది. సగం మడి దక్కింది.

తిరిగొచ్చే బస్సులో అమ్మ ఫోన్. "మంచిగ చదువుతున్నవా?"

"చదువుతున్నా" అనబోయి ఆగాను. మూడు నెలల నుంచి అమ్మకి కావాల్సిందే నేను తిరిగి చెప్తున్నాను. పోయిన సెమిస్టర్లో మ్యాథ్స్ పోయిందని ఇంట్లో ఎవరికీ తెలీదు.

"ఒక సబ్జెక్ట్ పోయిందమ్మా."

కాసేపు చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా.

"ముందే చెప్పొద్దా," అంది. "మల్ల ఎప్పుడు రాస్తవు?"

డేట్ చెప్పాను.