బొమ్మ ఎందుకు మసకబారింది?

మా ఊరు చీడికాడ. చోడవరానికి దగ్గరే. 2022 ఏప్రిల్ దాకా మేం విశాఖపట్నం జిల్లా వాళ్ళం. ఇప్పుడు అనకాపల్లి జిల్లా వాళ్ళమయాం. ఊరి చుట్టూ చెరకు తోటలు. కాస్త ఎగువకు పోతే కోనాం జలాశయం. నేను పట్నంలో టీవీలు బాగుచేస్తూ బతుకుతున్నాను. నా తమ్ముడు మటుకు ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చూసుకుంటున్నాడు.

పిల్లలూ, మీకిప్పుడు ఒక ఆట పెట్టె సంగతి చెబుతాను. అందులో కొంత సైన్సు ఉంది. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. రెండూ ఒకే తీగకు చుట్టుకుని ఉన్నాయి గనక, ఒకటి వదిలి రెండోది చెప్పటానికి వీల్లేదు.

అది 1997 వేసవి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. నాన్న బెల్లం అమ్మటానికి అనకాపల్లి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో టీవీకి తగిలించి ఆడుకునే యంత్రం ఉంది. దానితోబాటు రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకి, ఒక క్యాసెట్టు ఉన్నాయి. జపానులో 1983లో నింటెండో కంపెనీవారు ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. మా ఇంటికి వచ్చింది దాన్ని చూసి ఎవరో చేసిన నకలు. అయితేనేం? తెర మీద మేరియో గెంతుతూ ఉంటే మాకు అన్నం సయించేది కాదు.

నేను పెద్దవాణ్ణి గనక పెత్తనమంతా నాదే. యంత్రం తీగను టీవీ వెనక ఏంటెన్నా రంధ్రంలో పెట్టటం, సాయంత్రం అమ్మ వార్తలు చూస్తానంటే తీసెయ్యటం నేనే చేసేవాణ్ణి. తమ్ముణ్ణి తీగ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాను. వాడి వంతు ఆట కూడా చాలాసార్లు నేనే ఆడేసేవాణ్ణి.

ఒక నెల గడిచేసరికి బొమ్మ పాడయింది. తెర నిండా ఈగలు ముసిరినట్టు చుక్కలు! అడ్డంగా గీతలు! మేరియో ఎక్కడున్నాడో పోల్చుకోవటమే కష్టమయింది.

"నువ్వే యంత్రాన్ని కింద పడేశావు!" అన్నాను తమ్ముడితో.

"ఒట్టు అన్నయ్యా, నేను పడెయ్యలేదు," అన్నాడు వాడు.

నేను వాడి చెంప ఛెళ్ళుమనిపించాను. అంతటితో ఊరుకోక నాన్నకు కూడా వాడి మీదే చెప్పాను. నాన్న కూడా వాణ్ణే తిట్టాడు. ఆ తరవాత వాడు యంత్రం జోలికి రాలేదు. కొద్దిరోజులకు అది అటక ఎక్కింది.

మొన్న సంక్రాంతికి నేను ఊరికి వెళ్ళాను. భోగి మంటలో వేసేందుకు కర్ర ముక్కలేమైనా దొరుకుతాయేమోనని అటక మీద వెతుకుతుంటే, తమ్ముడి కొడుక్కు ఆ అట్టపెట్టె కనిపించింది. వాడికి పదేళ్ళు.

"పెదనాన్నా, ఇదేమిటి?" అన్నాడు వాడు.

నేను గొప్పగా చెప్పాను: "ఇలాటి ఆట ఇప్పుడెక్కడా లేదురా! మీ గోడకున్న అంత పెద్ద టీవీలో బొమ్మ అద్దంలా కనిపిస్తుంది, చూస్తూ ఉండు!"

పాత తీగతోనే యంత్రాన్ని కొత్త టీవీకి తగిలించాను. మళ్ళీ అవే ఈగలు! ఈసారి నలభై అంగుళాల తెర నిండా!

"దీనికోసమా నువ్వంత గొప్ప చెప్పావు?" అన్నాడు వాడు.

నాకు పౌరుషం వచ్చింది. తీగను చేతిలోకి తీసుకుని వాడికి ఇలా చెప్పాను:

"ఈ యంత్రం ఒక చిన్న టీవీ స్టేషను వంటిది. బొమ్మను, ధ్వనిని కలిపి, టీవీ స్టేషను ఆకాశంలోకి వదిలే తరంగం వంటి తరంగం మీద ఎక్కించి, ఈ తీగలోకి పంపుతుంది. టీవీ దాన్ని అందుకుని మళ్ళీ విడదీసుకుంటుంది. చుట్టూ గాలిలో ఇంకా ఎన్నో తరంగాలుంటాయి. అవి లోపలికి చొరబడకుండా ఈ తీగకు ఒక కవచం ఉంది. నడుమ ఒక రాగి తీగ, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, దాని మీద సన్నని తీగలతో అల్లిన వల, అన్నిటికీ పైన నల్లని తోలు. ఆ వలే కవచం."

వాడికి చూపిద్దామని తీగ చివరనున్న పిన్ను మూత విప్పాను. విప్పి, అలాగే ఉండిపోయాను.

లోపల వల పూర్తిగా తెగిపోయి, ఒక పక్కకు మెలితిరిగి ఉంది. యంత్రం కింద పడితే అలా తెగదు. పిన్ను పట్టుకుని తియ్యకుండా, తీగ పట్టుకుని రోజూ లాగితే తెగుతుంది. నా దుకాణానికి అలాటివి వారానికి రెండు వస్తాయి. తెచ్చినవాళ్ళను నేను కోప్పడుతూ ఉంటాను. ఆ రోజుల్లో తీగ లాగినది నేను ఒక్కణ్ణే గదా!

తమ్ముడు గుమ్మంలో కూచుని పండగకు తోరణాలు కడుతున్నాడు. వాడితో ఆ మాట చెప్పటానికి నాకు నోరు రాలేదు. మూత మళ్ళీ బిగించి, "ఈ తీగ పాతదైపోయింది, ఇంకొకటి చూద్దాం," అన్నాను.

యంత్రం వెనక ఒక పసుపుపచ్చ రంధ్రమూ, ఒక తెల్ల రంధ్రమూ ఉన్నాయి. చిన్నప్పుడు అవి ఎందుకున్నాయో మాకు తెలియదు. పసుపుపచ్చది బొమ్మకు, తెల్లది ధ్వనికి. ఈ దారిన వెళితే తరంగం ఎక్కటం, దిగటం అనే బాధ లేదు. నా సంచిలో అలాటి తీగలు ఎప్పుడూ ఉంటాయి గనక తగిలించాను. ఈగలన్నీ ఎగిరిపోయాయి!

అయినా బొమ్మ అంచులు చెదిరినట్టే ఉన్నాయి. ఎరుపు రంగు అంచుల వెంట చీమలు పాకుతున్నట్టు కదలిక.

"అదెందుకు?" అన్నాడు కుర్రవాడు.

దానికి కారణం చాలా పాతది. మొదట నలుపు తెలుపు టీవీలే ఉండేవి. రంగుల ప్రసారాలు వస్తే, పాత టీవీలు కొన్నవాళ్ళ గతి ఏమిటి? వాళ్ళకు అన్యాయం జరగకుండా, వెలుగును తెలిపే సంకేతంలోనే రంగును తెలిపే సంకేతాన్ని కలిపి పంపే ఉపాయం కనిపెట్టారు. అమెరికా 1953లో అటువంటి పద్ధతిని ఆమోదించింది. జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ 1963లో పాల్ అనే పద్ధతిని ప్రదర్శించాడు. 1982లో మన దేశంలో రంగుల టీవీ వచ్చింది ఈ పాల్ పద్ధతిలోనే.

పసుపుపచ్చ తీగలో కూడా వెలుగూ రంగూ కలిసే వెళతాయి. బియ్యమూ పెసలూ ఒకే సంచిలో పోసి పంపితే, అవతలివాడు ఎంత జాగ్రత్తగా ఏరినా బియ్యంలో నాలుగు పెసలు మిగులుతాయి గదా! తెర మీద పాకే చీమలు ఆ పెసలే. ఎస్-వీడియో అనే తీగలో రెంటికీ వేరువేరు దారులున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు దారుల్లో పోతే ఇంకా మంచిది. కాని మా యంత్రం వంటి వాటిలో బొమ్మ గీసే చిప్పు లోపలే అన్నిటినీ కలిపేస్తుంది. పెట్టె విప్పి కొత్త భాగాలు అతికిస్తే తప్ప వాటిని విడిగా తీసుకోవటానికి వీల్లేదు. అందుచేత మాకు పసుపుపచ్చ తీగే దిక్కు.

ఇంతలో కుర్రవాడు, "పెదనాన్నా, మీట నొక్కిన కాసేపటికి గాని మేరియో గెంతటం లేదు!" అని అరిచాడు. మేరియో గోతిలో పడి చచ్చాడు.

ఇది కొత్త టీవీ చేసే పొరపాటు. పాత గాజుగొట్టం టీవీలో ఎలక్ట్రాన్ల ధార తెర మీద ఒకదాని కింద ఒకటిగా గీతలు గీస్తుంది. పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. రైతు చెరకు తోటలో మొదట బేసి సాళ్ళకు, తరవాత సరి సాళ్ళకు నీరు పెట్టినట్టు, ధార ఒక విడత బేసి గీతలు, మరొక విడత సరి గీతలు గీస్తుంది. ఒక్కొక్క విడతకు సెకనులో 50వ వంతు పడుతుంది. పాత ఆట యంత్రాలు అలా చెయ్యవు. ప్రతి విడతా అవే సాళ్ళలో పూర్తి బొమ్మ గీస్తాయి. గాజుగొట్టం దాన్ని ఉన్నదున్నట్టు చూపుతుంది. కొత్త టీవీ మాత్రం, "ఇది సగం బొమ్మే గదా, రెండో సగం రానీ," అని ఆగి, రెండు వేరువేరు బొమ్మల్ని ఒకదానిలో ఒకటి అల్లేస్తుంది. అందువల్లనే చెదరటం. తరవాత దాన్ని పెద్దది చేసి, నున్నగా చేసి, రంగులు దిద్ది చూపుతుంది. అందువల్ల ఆలస్యం. సెకనులో పదోవంతు ఆలస్యమైనా, ఈలోపల యంత్రం అయిదు బొమ్మలు ముందుకు పోయి ఉంటుంది!

నేను టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి మూడు పనులు చేశాను. "గేమ్ మోడ్" పెట్టాను. దానితో దిద్దుబాట్లు తగ్గి ఆలస్యం తగ్గింది. తెర కొలతను 4:3కు మార్చాను; పొట్టిగా, లావుగా ఉన్న మేరియో మామూలు మనిషి అయాడు. "షార్ప్‌నెస్" బాగా తగ్గించాను. అంచుల చుట్టూ ఉన్న తెల్లని నీడలు పోయాయి. వీటికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇంకా బాగా కావాలనేవాళ్ళ కోసం, పాత యంత్రం గీసే గీతల్ని సరిగా అర్థం చేసుకుని కొత్త టీవీకి చెప్పే చిన్న పెట్టెలున్నాయి. దుబాసీలన్నమాట. ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. మా యంత్రం బొమ్మ అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240 గీతలు. ఇప్పటి చాలా టీవీల్లో 1080 గీతలు. 1080ని 240తో భాగిస్తే నాలుగున్నర వస్తుంది. చుక్కను నాలుగున్నర గీతలుగా ఎలా చూపటం? చెదిరిపోతుంది. కాని ప్రతి చుక్కనూ నిలువుగా 4 రెట్లు, అడ్డంగా 5 రెట్లు చేసి చూడండి. నిలువు 960, అడ్డం 1280. ఈ రెంటి నిష్పత్తి సరిగ్గా 4:3! పైన 60 గీతలు, కింద 60 గీతలు నల్లగా వదిలేస్తే, ఒక్క చుక్క కూడా చెదరదు.

అన్నీ బాగున్నాయి, తుపాకి ఒక్కటి తప్ప. కుర్రవాడు ఎంత గురిచూసి కొట్టినా బాతు పడలేదు.

"తుపాకి చెడిపోయింది," అన్నాడు వాడు.

ఈసారి నేను తొందరపడలేదు. తుపాకి గొట్టంలో వెలుగును గుర్తుపట్టే చిన్న కన్ను ఉంటుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. కన్నుకు చీకటి తరవాత వెలుగు కనబడితే దెబ్బ తగిలినట్టు లెక్క. కొత్త టీవీ ఆలస్యంగా చూపుతుంది గనక, యంత్రం ఎదురుచూసే క్షణంలో కన్నుకు ఏమీ కనబడదు.

"తుపాకి చెడలేదురా. దానికి గాజుగొట్టం టీవీ కావాలి," అన్నాను.

అమ్మ గదిలో మూల పాత టీవీ ఇంకా ఉంది. నేనూ తమ్ముడూ చెరొక పక్కా పట్టుకుని దాన్ని మోసుకొచ్చాం. "ఏటిరా, పండగ పూట ఆ బరువు మీకెందుకు?" అన్నది అమ్మ. దాని వెనక చూద్దును గదా, అక్కడ కూడా ఒక పసుపుపచ్చ రంధ్రం! ఆ వేసవిలో కూడా అది అక్కడే ఉంది. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే, బొమ్మా చక్కగా ఉండేది, తమ్ముడూ దెబ్బ తినేవాడు కాడు.

ఇక ఆగలేకపోయాను. పాత తీగ పిన్ను విప్పి తమ్ముడి చేతిలో పెట్టి, "బొమ్మ పాడు చేసింది నువ్వు కాదురా. తీగ లాగి లాగి నేనే తెంపాను. నిన్ను అన్యాయంగా కొట్టాను," అన్నాను.

వాడు తెగిన వలను వేలితో కదిపి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. "నేను పడెయ్యలేదని నాకు తెలుసు గదా," అన్నాడు చివరకు. "కాని నాన్నకు తెలియకుండానే పోయింది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాన్న పోయి ఆరేళ్ళయింది. తీగను మళ్ళీ అతకవచ్చు. దీన్ని అతకటం నా చేతిలో లేదు.

కుర్రవాడు మా ఇద్దరి ముఖాలూ చూసి, తుపాకి చాచాడు. తమ్ముడు దాన్ని అందుకుని, "అయితే ఇప్పుడు నా వంతేనా, అన్నయ్యా?" అన్నాడు.

ఆ సాయంత్రమంతా వాడి వంతే. బాతుల్ని కొట్టటం వాడికి బొత్తిగా చేతకాలేదు. అయినా మేమెవరమూ తుపాకి అడగలేదు.

పిల్లలూ, మీ ఇంట్లో ఇటువంటి పాత యంత్రం ఉంటే పారెయ్యకండి. తీగను ఎప్పుడూ పిన్ను దగ్గర పట్టుకుని తియ్యండి. గాజుగొట్టం టీవీని మటుకు ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరవాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ ఉండవచ్చు. ఇక, బొమ్మ మసకబారితే ముందు తీగను చూడండి. పక్కవాణ్ణి చూడటం తరవాత.